కత్తి విరిచే లెక్క

యుద్ధాన్ని బల్లమీద ఆడి నేర్చుకోవడం మన ఫౌజీలకు కొత్తేం కాదు. 1824లో ప్రష్యా అధికారి రైస్విట్జ్ రాసిన యుద్ధక్రీడ నియమాలు ఇందుకు పేరుపడ్డాయి. ఆ ఒరవడిలోనే 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్‌ల ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది.

2003 నాటి 3.5 కూర్పులో శత్రువును వదిలి అతని కత్తినే కొట్టవచ్చు. పొడవాటి కత్తికి గట్టిదనం 10, ఆయువు 5. తగిలిన దెబ్బ 15 అయితే కత్తి విరిగినట్టే! అయితే ఆ విద్యలో ప్రత్యేక నైపుణ్యం లేనివాడు ప్రయత్నిస్తే ముందు ఎదుటివాడికే ఒక దెబ్బ కొట్టే అవకాశం. పైగా గెలిచాక చేతికొచ్చేది విరిగిన ఇనుమే.

పూర్వం వెనక్కి తగ్గే ఫిరంగి దళాలు తమ ఫిరంగుల వత్తిరంధ్రాల్లో మేకులు దిగ్గొట్టేవి, శత్రువుకి పనికిరాకూడదని. విరవడమా, దక్కించుకోవడమా? ఆటలోనైనా, రణంలోనైనా సేనాని తేల్చుకోవలసింది అదే.