ఊడుగ చెట్టు

చెలక గట్ల మీద, గుట్టల వాలులో, పొడి అడవుల్లో ఎవరూ నాటకుండానే మొలిచే చిన్న చెట్టు ఊడుగ. సంస్కృతంలో అంకోలం, తమిళంలో అళింజిల్. శాస్త్రనామం అలాంజియం సాల్వీఫోలియం. చలి దేశాల తోటమాలులు ఏడాది పొడవునా కంటికి ఇంపుగా ఉంటుందని పెంచుకునే డాగ్‌వుడ్‌కు ఇది దాయాది. పూల మొక్కలకు 2016లో వెలువడిన ఏపీజీ వర్గీకరణ ప్రకారం కార్నేసీ కుటుంబంలో ఉన్నవి రెండే ప్రజాతులు. ఒకటి డాగ్‌వుడ్‌ల కార్నస్, రెండోది మన ఊడుగ ఉన్న అలాంజియం.

డాగ్‌వుడ్‌కు దక్కిన గౌరవం చిన్నది కాదు. టోక్యో నగరం 1912లో వాషింగ్టన్‌కు చెర్రీ మొక్కలు పంపితే, 1915లో అమెరికా బదులుగా పంపింది డాగ్‌వుడ్ మొక్కలనే. వర్జీనియా 1918లో, నార్త్ కరోలినా 1941లో దాని పువ్వును రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నాయి. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఏప్రిల్‌లో వీధి వెంట తెల్లగా విచ్చుకునే ఆ చెట్టు పరిచయమే. వసంతంలో పువ్వుల్లా కనిపించే తెల్లని పుష్పపత్రాలు, ఆపై కాయలు, శరత్తులో ఎర్రబారే ఆకు. కొన్ని పొద రకాలకైతే ఆకు రాలాక మంచు మీద నిప్పుకణికల్లా వెలిగే కొమ్మలు. హిమాలయాల్లో కార్నస్ కాపిటాటా సహజంగానే పెరుగుతుంది. తెలంగాణ ఎండకు మాత్రం ఆ జాతులు తట్టుకోవు.

మన తోటకు గడ్డుకాలం మంచు కాదు, ఎండ. ఊడుగ అందం సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, మోడుగా నిలబడ్డ కొమ్మల నిండా తెల్లని పూలు పూస్తుంది. సన్నని రేకులు వెనక్కి చుట్టుకుని, కేసరాల కుచ్చు ముందుకొస్తుంది. చెట్టు కనబడకముందే వాసన తగులుతుంది. వెంటనే లేతాకు, ఎండాకాలం ముదిరేసరికి ఎర్రబారి, నల్లబడే పండ్లు. లోపలి తెల్లని గుజ్జు తియ్యగా, వగరుగా ఉంటుంది. పిల్లలకూ పక్షులకూ పోటీ. వానలు పడ్డాక చిక్కటి పచ్చదనం.

గ్రంథాలకెక్కడంలో దీని చరిత్ర పాతదే. 1678–1693 మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా అచ్చయిన హోర్టస్ మలబారికస్‌లో ఇది మలయాళ పేరుతోనే కనిపిస్తుంది. లిన్నేయస్ కొడుకు దీన్ని ఫాల్సా ఉండే గ్రీవియా ప్రజాతిలో చేర్చాడు. అది పొరపాటు. లామార్క్ 1783లో అలాంజియం ప్రజాతిని వేరుగా నిలబెట్టాడు. నేటి పూర్తి పేరు 1910లో వాంగరిన్ పెట్టింది. చాలాకాలం దీనికి సొంత కుటుంబం ఉండేది. జన్యు పరిశీలనలు బలపడ్డాక డాగ్‌వుడ్‌తో చుట్టరికం ఖాయమైంది.

మన సంప్రదాయంలో ఊడుగ పేరు తోటతో కంటే మంత్రాలతోనే ఎక్కువ ముడిపడింది. రాలిన గింజలు తిరిగి తల్లిచెట్టుకే అంటుకుంటాయని నమ్మిక. శంకరాచార్యుల పేర ప్రసిద్ధమైన శివానందలహరి 61వ శ్లోకం భక్తిని నిర్వచించడానికి మొట్టమొదట ఎత్తుకున్న పోలిక ఇదే. చూస్తుండగానే మామిడి టెంకను మొలిపించే గారడీకి కూడా ఊడుగ తైలమే కారణమని చెప్పుకునేవారు. వేరు బెరడు ప్రభావం మాత్రం కట్టుకథ కాదు. అది వాంతి చేయిస్తుంది. విదేశీ మందు ఇపెకాక్‌లో ఉండే ఎమెటిన్ వర్గపు ఆల్కలాయిడ్లు ఇందులోనూ ఉన్నాయి. కనుక పండు తినవచ్చు గానీ, బెరడుతో ప్రయోగాలు వద్దు.

కార్నస్ అన్న మాటకు మూలం కొమ్ము అనే అర్థమున్న లాటిన్ పదం, కలప అంత గట్టిదని. ఊడుగ కర్రా అంతే. పనిముట్లకు పిడిగా ఎన్నాళ్లనుంచో వాడుక.

ఇక ఈ చెట్టును ఎక్కడ పెంచవచ్చన్న మాట. ఉదాహరణకు చెల్పూర్‌ను చూడండి. భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలోని ఈ ఊరు ఇప్పుడు 500, 600 మెగావాట్ల యూనిట్లున్న కాకతీయ థర్మల్ కేంద్రంతోనే అందరికీ తెలుసు. చుట్టూ టేకు, మద్ది, తునికి, మోదుగ కలిసిన పొడి అడవులు; ఊడుగకు సరిపడే నేలలు. ఇలాంటి కేంద్రాలకు అనుమతినిచ్చేటప్పుడు హరిత వలయం పెంచాలన్న షరతు మామూలే. 2015లో మొదలైన హరితహారం పుణ్యమా అని నర్సరీలూ ఊరూరా వచ్చాయి. అయితే త్వరగా పచ్చబడుతుందని రోడ్ల వెంట కోనోకార్పస్‌ను నింపి, తర్వాత వద్దనుకున్నాం. ఊడుగకు ఆ తొందర లేదు, నెమ్మదిగా ఎదుగుతుంది. కొట్టేసినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కొమ్మల కొసలు ముల్లుదేరి ఉంటాయి కాబట్టి కంచెకూ పనికొస్తుంది. నిలవచేసిన గింజను నమ్ముకోకుండా, పండిన వెంటనే గుజ్జు కడిగి, ఇసుక కలిపిన మట్టిలో నాటాలి. మొలకకు ఓపిక పట్టాలి. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తే తర్వాత దాని బతుకు అదే చూసుకుంటుంది. ఈసారి ఊడుగ పండు దొరికితే, గింజను ఊసేయకుండా ఒక సంచిలో నాటి చూడండి.