మీరాలం కట్టను నీళ్ల మీంచి చూడాలి

హైదరాబాదులోని మీరాలం చెరువులో పడవ షికారుకు వెళ్లినవాళ్లు ఒడ్డున ఉన్న జూపార్కు చెట్లనూ, కొంగలనూ చూసి సంతోషంగా తిరిగివస్తారు. చెరువును నిలబెట్టిన రాతి కట్ట మీద ఎవరి చూపూ ఎక్కువసేపు ఆగదు. అసలు చూడాల్సింది ఆ కట్టనే. పాతబస్తీ వందేళ్లకు పైగా తాగిన నీళ్ల కథ అందులో ఉంది. దాన్ని చదవడానికి పడవంత అనువైన చోటు మరొకటి లేదు. కనుక మీరాలం మీద పడవలు నడపడం మంచిదే. కానీ చెరువు చేసిన పనిని చూపించని షికారు సగం షికారే.

మూడో నిజాం సికందర్ జా కాలంలో, 1804లో, మీర్ ఆలం హైదరాబాదు దివాను అయ్యాడు. ఆ ఏడాదే చెరువు పని మొదలైంది. అంతకు ఐదేళ్ల ముందు, 1799లో, టిప్పు సుల్తాను మీద శ్రీరంగపట్నం యుద్ధానికి నిజాం సేనతో వెళ్లింది ఈయనే. అక్కడ దక్కిన సొమ్మే చెరువుకు ఖర్చయిందని అంటారు. రూపకల్పన ఎవరిదన్న దానిమీద కూడా రెండు మాటలున్నాయి. కొందరు ఫ్రెంచి ఇంజనీర్ల పేరు చెబితే, మరికొందరు హెన్రీ రస్సెల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేరు చెబుతారు. ఆ తగువు ఎటు తేలినా కట్ట గొప్పతనం తగ్గదు. ఇది తిన్నగా సాగే గోడ కాదు. 21 అర్ధచంద్రాకారపు గోడలు పక్కపక్కన నిలబడి, పొట్టలు చెరువు వైపు పెట్టి నీటిని ఆపుతున్నాయి. నీరు నెట్టేకొద్దీ వంపులోని రాళ్లు ఒకదానికొకటి ఇంకా బిగుసుకుంటాయి, ఆ తోపుడు రెండు వంపుల మధ్య ఉన్న దిమ్మెల మీదికి పోతుంది. తిన్నని గోడ నీటిని తన బరువుతో ఆపాలి, ఈ గోడ తన ఆకారంతో ఆపుతుంది. సిమెంటు లేని రోజుల్లో రాయీ సున్నమూ కలిపి కట్టిన ఈ కట్టను ప్రపంచంలో తొలినాటి బహుళ కమానుల ఆనకట్టల్లో ఒకటిగా ఇంజనీర్లు లెక్కిస్తారు. అమెరికాలో జాన్ ఈస్ట్‌వుడ్ హ్యూమ్ సరస్సు దగ్గర ఇదే సూత్రంతో కాంక్రీటు ఆనకట్ట కట్టింది 1908లో, అంటే మరో వందేళ్లకు. గట్టు మీద నడిచేవాడికి ఒకటి రెండు వంపులే కంటబడతాయి. వరుస మొత్తం తెలిసేది నీళ్ల మీంచే.

చెరువు పని ఏనాడో ముగిసింది, ఇప్పుడది విహారానికే పనికొస్తుంది అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లో మొదటిది, 1927లో రెండోది పూర్తయ్యాయి. దాంతో తాగునీటి భారం మీరాలం మీంచి దిగిపోయింది. 1963లో పక్కనే జూపార్కు తెరుచుకుంది, చెరువు చూడముచ్చటైన జాగా అయింది. కానీ తాగునీరు ఇవ్వడం చెరువుకున్న పనుల్లో ఒకటి మాత్రమే. వాన నీటిని ఆపి, నిదానంగా వదలడం ఇంకో పని. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్లు మునిగినప్పుడు, చెరువుల పని ముగియలేదని పాతబస్తీ కళ్లారా చూసింది. మురుగు వచ్చి చేరి, గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు ఆ పని సరిగా చేయలేదు.

సెలవు నాడు కాస్త గాలి పోసుకోవడానికి వచ్చినవాడికి ఈ పాఠాలెందుకని ఇంకొకరు అడగొచ్చు. పాఠం సరదాను చెడగొడుతుందన్నది ఒట్టి అనుమానం. అమెరికాలోని మెయిన్ తీరంలో లాబ్‌స్టర్లు పట్టే పడవల మీద సెలవుల్లో వచ్చిన జనాన్ని తీసుకెళతారు. వాళ్ల ఎదుటే బోను పైకి లాగి, లాబ్‌స్టర్ వీపు డొప్పను కొలబద్దతో కొలుస్తారు. కొలతకు తక్కువైతే మళ్లీ సముద్రంలోకే వదులుతారు. గుడ్లు మోస్తున్న ఆడదైతే తోక రెక్కకు చిన్న గాటు పెట్టి వదిలేస్తారు, తర్వాత అది ఎవరి బోనులో పడినా ఆ గాటు చూసి నీళ్లలో వేసేయాలి. అక్కడ చూడముచ్చటంతా ఆ పనిలోనే ఉంది. సముద్రంలో లాబ్‌స్టర్లు ఎలా మిగులుతున్నాయో వచ్చినవాడికి వేరే ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

మీరాలానికి అలాంటి వృత్తి ప్రదర్శన కుదరదని అంటే ఒప్పుకోవాల్సిందే. ఇక్కడ పైకి లాగి చూపడానికి బోను లేదు. అయితే చూపడానికి కట్ట ఉంది, అది రెండు శతాబ్దాలుగా రాత్రింబవళ్లు పనిలోనే ఉంది. పడవను కాసేపు వంపుల వారగా నడిపి, నీటి తోపుడు రాళ్లలోకి ఎలా పోతుందో నాలుగు మాటల్లో చెబితే చాలు. పర్యాటకం వస్తే చెరువు దానంతటదే బాగుపడుతుందన్న ఆశ మీద మాత్రం ఆధారపడలేం. టిక్కెట్టు కొన్నవాడు చూసేది నీటి పైభాగాన్నే, చెరువును చంపేది అందులోకి వచ్చే మురుగు కాలువ. కట్ట ఎందుకు కట్టారో తెలిసినవాడే ఆ కాలువ సంగతి అడుగుతాడు. అలా అడిగేవాళ్లను తయారుచేయగలిగితే షికారు పడవ చెరువుకు అక్కరకొచ్చినట్టే.