ట్రఫుల్ చీజ్: కొనే ముందు, తినే ముందు తెలుసుకోవలసినవి

ట్రఫుల్ చీజ్ అంటే, ట్రఫుల్ అనే నేల లోపలి పుట్టగొడుగు ముక్కలనో, లేక దాని వాసననో కలిపి చేసిన చీజ్. ఆ ‘లేక’ దగ్గరే తిరకాసంతా ఉంది. బెంగళూరు, చెన్నై, ముంబై పెద్ద దుకాణాల్లో ఇది ఇప్పుడు కనిపిస్తోంది. యూరప్, అమెరికాలలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ ఇంటికి తెస్తున్నారు. ఇది శాకాహారమేనా, ఈ వాసన ఇలాగే ఉంటుందా లేక పాడైందా, ఇంత ధర ఎందుకు అని మన సంఘ సభ్యులు అడుగుతున్నారు. వారి కోసం సంగతులన్నీ ఒకచోట పెడుతున్నాము.

ముందు పేర్ల సంగతి. చాక్లెట్ ట్రఫుల్‌కూ దీనికీ రూపంలో తప్ప పోలిక లేదు. ఈ పుట్టగొడుగులా గుండ్రంగా, గరుకుగా ఉంటుందని దానికి ఆ పేరు పెట్టారు. నిఘంటువులు చీజ్‌ను జున్ను అంటాయి గానీ, మన ఇళ్లలో జున్ను అంటే ఈనిన ఆవు, గేదె తొలి పాలతో చేసేది. అందుకని చీజ్ అనే రాస్తున్నాము.

ట్రఫుల్ ఓక్, హేజెల్ వంటి చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని మట్టిలో పెరుగుతుంది. పైకి కనబడదు. వాసన పట్టి చూపడానికి పూర్వం పందులను తిప్పేవారు. అవి తవ్వి తినేస్తాయి, నేలను పాడు చేస్తాయి కనుక ఇప్పుడు శిక్షణ ఇచ్చిన కుక్కలనే వాడుతున్నారు. ఇటలీలో ఇలా ట్రఫుల్ వెదికి తీసే విద్యను 2021లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఒడిశాలోని మనవాళ్లు సాల అడవుల రుగ్డాను ఎరిగే ఉంటారు. అది ట్రఫుల్ కాదు, ఆ వాసనా దానికి లేదు. కానీ చెట్టు వేరుతో పొత్తు, మట్టి తవ్వి తీయడం రెండింటికీ ఒకటే.

రకాలలో మూడు గుర్తుంచుకుంటే చాలు. ఇటలీలో ఆల్బా ప్రాంతానికి పేరు తెచ్చిన తెల్ల ట్రఫుల్ శరదృతువులో దొరుకుతుంది. కిలో వేల యూరోలు పలుకుతుంది. నల్ల ట్రఫుల్ చలికాలపు పంట. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీలతో పాటు ఆస్ట్రేలియాలో కూడా తోటలు వేసి పండిస్తున్నారు. మూడోది వేసవి ట్రఫుల్. వాసన తక్కువ, ధర కూడా తక్కువ. చీజ్‌లో ఎక్కువగా పడేది ఇదే. లేబుల్ మీద ‘టూబర్ ఈస్టివమ్’ అని ఉంటే ఈ వేసవి రకమని అర్థం.

ట్రఫుల్ వాసనలో గంధకపు పదార్థాలున్నాయి. మన ఇంగువ ఘాటుకు కారణమూ గంధకమే. అందుకే మొదటిసారి వాసన చూసినవారు గ్యాస్ లీకయిందేమోనని అనుమానపడినా ఆశ్చర్యం లేదు. తెల్ల ట్రఫుల్ వాసనలో ముఖ్యమైన పదార్థం 2,4-డైథయాపెంటేన్. దీన్ని ప్రయోగశాలలో చవకగా తయారు చేయవచ్చు. బజారులోని ట్రఫుల్ నూనెల్లో చాలావాటికి వాసన ఇచ్చేది ఇదే. చీజ్‌లలో కూడా అనేకం దీని మీదే నడుస్తున్నాయి. మనవాళ్లు ‘ఇంగువ కట్టిన గుడ్డ’ అంటారే, అచ్చంగా అది. ఇంగువ పోయినా గుడ్డకు వాసన ఉంటుంది; ఇక్కడ ఇంగువ మొదటినుంచీ లేకపోయినా వాసన ఉంటుంది. ఆ వాసన హానికరమని మేము అనడం లేదు. కానీ ట్రఫుల్ ధర కట్టి గుడ్డ కొనుక్కోవడం ఎందుకు?

కనుక వెనక చిన్న అక్షరాలు చదవాలి. కళ్లజోడు పెట్టుకుని చదవండి, దుకాణంలో సిగ్గుపడనక్కరలేదు. ట్రఫుల్ ఎంత శాతమో చూడండి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉండటం మామూలే. 200 గ్రాముల ముక్కలో ఒక శాతమంటే 2 గ్రాములు. దాని పక్కన ‘ఫ్లేవరింగ్’ అనో, ఇటాలియన్ లేబుల్ అయితే ‘అరోమా’ అనో ఉంటే, వాసనలో ఎక్కువ పాలు సీసాలోంచి వచ్చిందనుకోవచ్చు. నల్లటి చుక్కలు కనిపించినంత మాత్రాన అదంతా ట్రఫుల్ కాదు. ట్రఫుల్ ముద్ద పేరుతో కలిపేదానిలో మామూలు పుట్టగొడుగులు, నల్ల ఆలివ్ కాయలే ఎక్కువగా ఉండే రకాలున్నాయి.

ఇక మన ఇళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి రెన్నెట్. మనం పాలను తోడుతో పెరుగు చేస్తాం, నిమ్మరసంతో విరిచి పనీర్ చేస్తాం. యూరప్ సంప్రదాయపు చీజ్‌లలో పాలను గట్టిపరచడానికి పాలు తాగే దూడ, గొర్రెపిల్ల లేక మేకపిల్ల జీర్ణాశయం నుంచి తీసిన రెన్నెట్ వేస్తారు. దాని కోసం ఆ పిల్లను కోయవలసిందే. పాలతో చేసిందే కదా అని పెద్దవాళ్లకు పెట్టేస్తే, తరువాత తెలిసినప్పుడు వారు పడే బాధ చిన్నది కాదు. లేబుల్ మీద ‘మైక్రోబియల్ రెన్నెట్’ అని గానీ ‘వెజిటబుల్ రెన్నెట్’ అని గానీ ఉంటే శాకాహారం. ఊరికే ‘రెన్నెట్’ అనో, ఇటాలియన్‌లో ‘కాల్యో’ అనో ఉంటే జంతువుదనే లెక్క వేసుకోండి. కొన్నిటిలో లైసోజైమ్ కూడా ఉంటుంది; అది కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసేది. మన దేశంలో అమ్మే పొట్లాల మీద పచ్చ చుక్క ఉందో లేదో చూడండి. విదేశాల నుంచి సంచిలో వచ్చినదానికి ఆ గుర్తు ఉండదు, అక్కడ లేబులే దిక్కు. రెన్నెట్ ఇబ్బంది లేకపోయినా, పుట్టగొడుగులు ముట్టని ఇళ్లలోనూ, వ్రతాల రోజుల్లోనూ ఇది పనికిరాదు. ట్రఫుల్ పుట్టగొడుగు జాతిదేనని వడ్డించే ముందే చెప్పడం మర్యాద.

పేరున్నవి కొన్ని చెప్తాము. పెకొరినో అల్ తార్తూఫో గొర్రెపాలది. తార్తూఫో అంటే ఇటాలియన్‌లో ట్రఫుల్. మొలితెర్నో కూడా గొర్రెపాలదే. దాన్ని ముందు ముగ్గబెట్టి, తరువాత లోపలికి ట్రఫుల్ ఎక్కిస్తారు, అందుకని కోస్తే నల్లటి చారలు కనిపిస్తాయి. వెనిస్ వైపు చేసే సొత్తోచెనెరె ఆవుపాలది. ఆ పేరుకు ‘బూడిద కింద’ అని అర్థం. పైన పూసే బూడిదలో జాజికాయ, ధనియాలు, దాల్చిన చెక్క, లవంగం వంటివి కలుపుతారు. మన పోపులపెట్టె అక్కడిదాకా వెళ్లిందన్నమాట! ఫ్రాన్సు బ్రీని అడ్డంగా కోసి మధ్యలో ట్రఫుల్ కలిపిన మెత్తటి చీజ్ పెడతారు. అమెరికాలో ఉన్న పిల్లలకు ట్రఫుల్ ట్రెమర్ అనే మేకపాల చీజ్ దొరుకుతుంది. ట్రఫుల్ గౌడా అన్నిచోట్లా సులువుగా దొరికేది; మొదటిసారికి అది చాలు.

మన దేశంలో కొనేవారు దిగుమతి సరుకులు అమ్మే దుకాణాల్లో, చల్లటి అరలో చూడాలి. 100 గ్రాములు కోసి ఇచ్చేచోట కొనడం మేలు. నచ్చకపోతే నష్టం తక్కువ. కొడైకెనాల్, ఆరోవిల్, కూనూరు, చెన్నై, బెంగళూరు, ముంబైలలో చేతితో చీజ్ చేసేవారున్నారు. ట్రఫుల్ రకం అన్ని వేళలా చేయకపోవచ్చు, ఫోన్ చేసి అడగండి. రెన్నెట్ ఏది వేస్తారో కూడా వారినే నేరుగా అడగవచ్చు. దిగుమతి సరుకుతో ఆ సౌకర్యం లేదు.

తినే ముందు అరగంట, ముప్పావుగంట ఫ్రిజ్ బయట ఉంచండి. చల్లగా ఉంటే వాసన తెలియదు. పల్చగా కోసి, రుచి తక్కువగా ఉన్నదానితో తినాలి: కాల్చిన రొట్టె, ఉడికించిన బంగాళాదుంప, ఏ కారమూ వేయని వేడి దోసె. ఇటలీవారు పెకొరినో మీద తేనె చుక్క వేసుకుంటారు, అది బాగుంటుంది. వెల్లుల్లి, ఆవకాయ దగ్గరికి రానివ్వకండి. పొయ్యి మీద మరిగించినా వాసన ఎగిరిపోతుంది. దించాక తురిమి వేయాలి. దీనిలో ఉప్పు ఎక్కువ కనుక రక్తపోటు ఉన్నవారికి ఒకటి రెండు ముక్కలు చాలు. గర్భిణులు బ్రీ వంటి మెత్తటి రకాలకు దూరంగా ఉండాలి, లిస్టీరియా క్రిముల భయం ఉంది.

మిగిలినదాన్ని వెన్నకాగితంలో చుట్టి మూత గట్టి డబ్బాలో పెట్టండి. కొవ్వు వాసనను ఇట్టే పట్టేస్తుంది, కనుక తెరిచి పెడితే తెల్లారేసరికి పక్కనున్న వెన్నా మీగడా ట్రఫుల్ కంపు కొడతాయి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే పొడిపొడి అవుతుంది. కోసిన ముక్కను వారం పది రోజుల్లో ముగించాలి. పిల్లలు విమానంలో తెస్తుంటే, కంపెనీ పొట్లం విప్పకుండా, లేబుల్ చించకుండా తెమ్మనండి; దిగాక కస్టమ్స్ వారి డిక్లరేషన్‌లో పాల ఉత్పత్తుల గడి ఉంటుంది, అక్కడ నిజం రాయమనండి.