చెమ్మ తిన్న రెక్కలు

ఈశాన్య రుతుపవనం దిగిందంటే వాకాడులో తలుపులు ఉబ్బి బిగుసుకుపోతాయి. పెట్టెలో బట్టలు ముక్కిన వాసన కొడతాయి. ఒకపక్క స్వర్ణముఖి, ఇంకోపక్క తూపిలిపాలెం సముద్రం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరవుతుంది. ఇలాంటి చోట గ్లైడర్ చెక్క రెక్కల్ని మూతబండిలో పెట్టి తాళం వెయ్యడమంటే నాకు భయం. ఆ భయానికి ఒక పాత విమానం చావు కారణం.

1940 నవంబరు 25న ఇంగ్లండులో తొలిసారి ఎగిరిన మస్కిటో విమానానికి ఒళ్ళంతా చెక్కే. బర్చ్ పలకల మధ్య బాల్సా; అతకడానికి మొదట్లో పాలనుంచి తీసిన కేసిన్ జిగురు, తర్వాత ఫార్మాల్డిహైడ్ జిగురు. కుర్చీలూ పియానోలూ చేసిన చేతులు కట్టిన ఆ విమానాన్ని అందుకోలేక జర్మనీ వాళ్ళు తలపట్టుకున్నారు.

అంతటిదీ బర్మా యుద్ధానికని మన దేశానికొచ్చింది. ఎండకు కాగింది, వానకు నానింది. 1944 చివర్లో కొన్ని గాల్లోనే రెక్క విరిగి కూలాయి. శత్రువు గుండు తగిలి కాదు. నవంబరులో ఇక్కడి మస్కిటోలన్నింటినీ నేలమీదే ఆపేశారు. వాటిని తయారుచేసిన కంపెనీ తరఫున వచ్చిన హిరీవర్డ్ డి హావిలాండ్ బృందం మన వానాకాలాన్ని తప్పుపట్టింది, చెక్క కుంచించుకుపోయిందని. తర్వాతి విచారణలు అతుకులే సరిగా వెయ్యలేదన్నాయి. నన్నడిగితే, సందు వదిలింది మనిషి, దూరింది చెమ్మ. చివరికి రెక్క దూలం అతుకు పొడవునా చెక్క పట్టీ వేశారు.

గ్లైడర్లకూ ఇదే గండం. 1961లో ఎగిరిన మన రోహిణి కూడా చెక్కదే. రెక్కలు విప్పి బండిలో దాస్తే, పగలు నేల తడి ఆవిరై లోపలికెక్కుతుంది. తెల్లవారుజామున రేకు చల్లబడి కప్పు కింద బొట్లు కడతాయి, ఒక్కొక్కటే రెక్కమీద రాలతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటిందా, బూజుకు దారి తెరుచుకున్నట్టే; పాల జిగురైతే దానికి విందు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల అతుకు వదులుతూ ఉంటుంది. ఇక తడి రెక్కమీద ప్లాస్టిక్ పట్టా కప్పే ప్రేమ ఉంది చూడండి, ప్రాణం తీసేది అదే! ముందు రెక్క ఆరాలి. బండికి కింద ఒకటి, పైన ఒకటి గాలి కంతలు ఉండాలి. ముసురు పట్టిన రోజుల్లో అవీ చాలవు, తేమ లాగే యంత్రం పెట్టాల్సిందే. పచ్చి వడ్లు గాదెలో పొయ్యని నెల్లూరు రైతుకు ఇదంతా చెప్పక్కర్లేదు.

మొత్తం 7,781 మస్కిటోలు కట్టారు. యుద్ధం దాటి బతికినవాటిలో కొన్నింటిని చెదలూ చెమ్మా పంచుకున్నాయి. 2012లో న్యూజిలాండ్‌లో ఒకదాన్ని మళ్ళీ ఎగరేశారు. పాత చెక్క పనికిరాక, కొత్తగా అచ్చులు చేసుకుని ఒడలూ రెక్కలూ మొదటినుంచీ కట్టుకోవలసి వచ్చింది.