స్పాన్సర్ అంటే మా వీధిలో

మా ప్రొద్దుటూరులో స్పాన్సర్ అన్న మాటకు రెండర్థాలున్నాయి. దసరాకు అమ్మవారి అలంకారానికో, క్రికెట్ టోర్నమెంటుకో డబ్బిచ్చి ఫ్లెక్సీ మీద ఫోటో వేయించుకునే పెద్దమనిషి ఒక స్పాన్సర్. కువైట్‌లో వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఇంటి యజమాని ఇంకో స్పాన్సర్. అరబ్బీలో కఫీల్ అంటారట. మా వీధి ఆడవాళ్ళకు రెండో అర్థమే ముందు తెలుసు. కువైట్ పోయే మనిషిని అడిగే మొదటి ప్రశ్న "స్పాన్సర్ మంచోడేనా?" అని. జీతం సంగతి ఆ తర్వాతే.

మా చీటీల గుంపులో ఆరుగురం ఉన్నాం. ఈ ఏడాది ముప్పై వేలు పక్కన పెట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్ళకు వలస బతుకుల మీద రచనల పోటీ పెడదామనుకున్నాం. "అంటే మనమే స్పాన్సర్లం" అని ఒకామె మురిసిపోయింది. పదకొండేళ్ళు కువైట్‌లో చేసొచ్చిన మా చిన్నత్త అక్కడే బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "అయితే ఎవురి పాస్‌పోర్టు తీసి పెట్టుకుంటారు మీరు?" అనింది.

అందరం నవ్వినాం గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. పోటీ పెట్టేవాళ్ళ చేతిలో కూడా ఏదో ఒకటి ఉంటుంది కదా. నియమాలు రాసేది వాళ్ళే. ఎవరి కథ లోపలికి రావాలో, ఎవరిది గడప బయటే ఆగిపోవాలో ఆ నియమాలే తేలుస్తాయి. అందుకని డబ్బు బయటికి తీసేముందు, ఇదివరకు ఇట్లాంటి పోటీలు ఎవరెవరు ఎట్లా పెట్టారో కాస్త చదివాను.

మన తెలుగులో పోటీల వల్ల ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు జరిగిన మేలు తక్కువేం కాదు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' ఆంధ్రప్రభ వారపత్రిక నవలల పోటీలో బహుమతి పొందిందే. అదే 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. పరిచయాలూ సిఫారసులూ లేని ఇల్లాలికి పోస్టులో పంపగలిగిన దారి పోటీయే. ఆ ప్రకటనల కింద ఉండే నియమాలు మా తరానికి నోటికొచ్చు. అరఠావు కాగితం మీద ఒకవైపే రాయాలి. సొంత రచనేననీ, అనువాదం, అనుసరణ కాదనీ హామీపత్రం జత చేయాలి. తిప్పి పంపాలంటే తగినన్ని స్టాంపులు అతికించిన కవరు పెట్టాలి. కవరు పెట్టనివాళ్ళ కథలు ఏమయ్యేవో ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

వలసపోయినవాళ్ళే పోటీలు పెట్టడం అమెరికా తెలుగువాళ్ళతో బాగా పెరిగింది. అక్కడ అచ్చయిన మొదటి తెలుగు కథగా చెప్పేది చెరుకూరి రమాదేవి రాసిన 'పుట్టిల్లు'. ఆ పేరు చూడగానే నాకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. సముద్రాలు దాటిన ఆడమనిషి మొదట రాసుకునేది ఇంకే పేరుతో ఉంటుంది? ఆ తర్వాత 1994లో వంగూరి చిట్టెన్ రాజు గారు హ్యూస్టన్‌లో వంగూరి ఫౌండేషన్ పెట్టి, ఏటా ఉగాదికి రచనల పోటీలు నడుపుతూ వస్తున్నారు. అందులో నాకు నచ్చినది ఒకటుంది. జీవితంలో మొట్టమొదటిసారి రాసేవాళ్ళకు వేరే విభాగం పెట్టారు. చేయి తిరిగినవాళ్ళతో కొత్తవాళ్ళను కుస్తీకి దించకపోవడం మంచి మర్యాద.

తానా వాళ్ళ నవలల పోటీ ఇంకా విచిత్రం. డబ్బు పెట్టింది అమెరికాలో స్థిరపడినవాళ్ళు. గెలిచిన నవలల్లో రెండు చూడండి. 1997లో చంద్రలత 'రేగడి విత్తులు'. కోస్తా రైతులు ఊరు వదిలి తెలంగాణ నల్లరేగడి నేలలు వెతుక్కుంటూ పోయిన కథ అది. 2019లో మన కడప జిల్లా సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం'. కరువొచ్చి ఊళ్ళో మేతా నీళ్ళూ లేక కాపర్లు గొర్రెల మందలు తోలుకొని నల్లమల అడవిలోకి పోతారు. దాన్నే కొండపొలం పోవడం అంటారు. విమానం ఎక్కినవాళ్ళు బహుమతి ఇచ్చింది గొర్రెల వెంట నడిచినవాళ్ళ వలసకన్నమాట. 2021లో సినిమా వచ్చాక అందరికీ ఆ పేరు తెలిసింది గానీ, మా వైపు పాతకాలం రైతులను అడిగితే కొండపొలం ఎన్నిసార్లు పోయొచ్చారో వేళ్ళ మీద లెక్క చెప్తారు.

ఇంతవరకు సంతోషమే. కానీ ఇవన్నీ రాయడం వచ్చినవాళ్ళ పోటీలు. మంచి కథ, మంచి నవల కావాలంటే అట్లాగే ఉండాలి, తప్పు పట్టను. నా వెతుకులాట మాత్రం వేరే. కలం పట్టని మనిషి వలసకు కూడా చోటిచ్చిన పోటీ ఎక్కడైనా ఉందా అని.

ఉంది. యూరప్ యూదుల దగ్గర. యీవో అనే పరిశోధన సంస్థను 1925లో విల్నా ఊళ్ళో పెట్టారు. వాళ్ళు 1930లలో పోలండ్ యూదు పిల్లల చేత ఆత్మకథలు రాయించే పోటీలు మూడు పెట్టారు. అసలు పేరు చెప్పకుండా మారుపేరుతో రాయొచ్చు. ఇల్లూ, బడీ, అమ్మానాన్నలతో తగవులూ, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, అందంగా రాయక్కర్లేదు. మూడింటికీ కలిపి ఆరు వందలకు పైగా వచ్చాయి. మూడో పోటీ బహుమతులు ప్రకటించాల్సిన రోజు 1939 సెప్టెంబరు 1. సరిగ్గా ఆ రోజే జర్మనీ పోలండ్ మీద పడింది. రాసిన పిల్లల్లో చాలామంది ఆ యుద్ధం దాటలేదు. రాతల్లో సగం దాకా మిగిలాయి.

సంస్థ న్యూయార్క్ చేరాక, 1942లో మళ్ళీ పోటీ పెట్టారు. ఈసారి వలసవాళ్ళకు. యూరప్ ఎందుకు వదిలారు, అమెరికాలో ఏం సాధించారు అనేది అంశం. కుట్టుపని చేసేవాళ్ళు, చిన్న అంగళ్ళవాళ్ళు, ఇల్లాళ్ళు రాశారు. రెండు వందలకు పైగా వచ్చాయి, చాలావరకు ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్ భాషలోనే. బహుమతి కొందరికే వచ్చింది గానీ, రాతలన్నీ దాచారు. అరవై ఏళ్ళు దాటాక, 2006లో వాటిలో కొన్ని ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. పోలండ్‌లో కూడా వార్సాలోని ఒక ఆర్థిక పరిశోధన సంస్థ ముందు నిరుద్యోగుల చేత, తర్వాత రైతుల చేత, ఆ తర్వాత ఫ్రాన్సుకూ దక్షిణ అమెరికాకూ వలసపోయినవాళ్ళ చేత జ్ఞాపకాలు రాయించి అచ్చు వేసింది. వలసవాళ్ళ సంపుటాలు 1939లో వచ్చాయి.

స్టాంపుల కవరు పెట్టనివాళ్ళ కథలు మన దగ్గర ఏమయ్యాయో అనే ఆలోచన నాకు ఇక్కడే గట్టిగా వచ్చింది.

ఇక మన మూడు ఊళ్ళ సంగతి. ఇక్కడికి వచ్చినవాళ్ళు, ఇక్కడినుంచి పోయినవాళ్ళు రాయనే లేదని కాదు. రాయగలిగినవాళ్ళు రాశారు. జమ్మలమడుగు పక్కన గండికోటకు 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు మీర్ జుమ్లాను కలవడానికి వచ్చి, చూసినదంతా పుస్తకంలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత లండన్ మిషన్ వాళ్ళు జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టారు. రాజశేఖరరెడ్డి గారు డాక్టరుగా పనిచేసిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి అదే. ఆ మిషన్ వాళ్ళూ తమ దేశానికి నివేదికలు పంపుతూనే ఉన్నారు. పులివెందుల వైపు, సింహాద్రిపురం మండలం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కో పోయి అనువాదకుడిగా పనిచేశారు. ఆయన 'అనువాద సమస్యలు'కే 1988లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రారా గారు న్యాయనిర్ణేత అయితే మా పోటీలో ఎన్ని రాతలు నిలిచేవో ఆ దేవుడికే తెలియాలి. అంత కఠినమైన విమర్శకుడు.

పొట్ట చేత పట్టుకొని పోయినవాళ్ళ రాతలేవి మరి? 1970ల నుంచి రాయచోటి, రాజంపేట, కడప వైపు నుంచి వేలమంది కువైట్ పోయారు. మా మూడు ఊళ్ళ నుంచీ పోయారు. మగవాళ్ళు డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా పోతే, ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఖద్దామాలుగా పోయారు. ఇంటిపనికి ఇచ్చేది ఇరవై నంబరు వీసా, కంపెనీ పనికి పద్దెనిమిది. ఈ అంకెలు మా దగ్గర చదువురాని ముసలవ్వలు కూడా చెప్తారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అప్పుడు అమ్మాన్ మీదుగా సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో ఇంటికి చేర్చారు. ఆ లెక్క పుస్తకాల్లో ఉంది. ఎడారిలో బస్సులో కూర్చున్న మన జిల్లా ఆడమనిషి ఏమనుకుందో అందులో లేదు. కథల్లో చక్రవేణు 'కువైట్ సావిత్రమ్మ' లాంటివి వచ్చాయి, నిజమే. అది రచయిత చెప్పిన సావిత్రమ్మ. సావిత్రమ్మలు తాము చెప్పుకున్నవి ఎక్కడున్నాయి?

క్యాసెట్లలో ఉండేవి. ఫోన్ నిమిషానికి ఇంత అని గుండెలు అదిరే రోజుల్లో, ఊరికి వచ్చేవాళ్ళ చేతికి మాటలు రికార్డు చేసిన క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్ళు. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ చేరి వినేవాళ్ళం. బిడ్డ పేరు పెట్టి పిలవడం, ఎనుము ఈనిందా అని అడగడం, మధ్యలో ఏడుపు, వెనకాల అరబ్బీ పిల్లల అరుపులు. రాయడం రానివాళ్ళకు అదే ఉత్తరం. తర్వాత ఆ క్యాసెట్ల మీదే ఇంటింటా సినిమా పాటలు ఎక్కించుకున్నారు.

ఇప్పుడు చిన్నత్త మా పోటీకి రాయాలంటే ఏమవుతుందో చూడండి. ఆమెకు సంతకం చేయడం వచ్చు, అంతే. ఆమె చెప్తుంటే కూతురు రాస్తే, హామీపత్రం లెక్కన అది సొంత రచన కాదు. రెండోది పేరు. మన దేశం నియమం ప్రకారం ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను అక్కడికి ఇంటిపనికి పంపకూడదు. కాపాడటానికే పెట్టారు. కానీ ఇంట్లో అప్పు ఆ వయసు దాకా ఆగుతుందా? పాస్‌పోర్టులో వయసు పెంచుకొని పోయినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళు పేరు పెట్టి నిజం రాస్తే, తమ మీద తామే సాక్ష్యం చెప్పినట్టు. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకంటూ చట్టం 2015లో గానీ రాలేదు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో రోజు సెలవు ఇవ్వాలని అందులో ఉంది. అంతకుముందు పోయొచ్చినవాళ్ళకు అక్కడ గంటల లెక్కే లేదు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, మన ఇళ్ళే. "ఏం రాయాల? అరబ్బీ ఇంట్లో బాత్రూములు కడిగినానని రాయాల్నా? రేపు మనవరాలికి సంబంధాలు రావొద్దా?" అంటుంది చిన్నత్త. ఆ డబ్బుతోనే మిద్దె లేచింది, ఆ డబ్బుతోనే కూతుళ్ళ మెడలో బంగారం పడింది. మిద్దె అందరికీ చూపిస్తారు, అది ఎట్లా వచ్చిందో మాత్రం గుట్టు. అమెరికాలో ఉన్న కొడుకు గురించి పేరంటంలో గంట చెప్పే ఇంట్లోనే, కువైట్‌లో ఉన్న చెల్లెలి గురించి "దూరంగా ఉంది లే" అని మాట మార్చేస్తారు. ఇద్దరూ పోయింది వలసే. ఒకరిది గొప్ప ఎందుకయిందో, ఇంకొకరిది నామోషీ ఎందుకయిందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

మా అత్తమ్మ ఈ పోటీకి ఒప్పుకోలేదు. "పుండు గెలికి బహుమతి ఇస్తారా?" అని ఒక్కమాటే అడిగింది. కొట్టిపారేసే మాట కాదు. అందుకే ఎవరినీ రాయమని బతిమాలకూడదు, ఇంటింటికీ పోయి అడగకూడదు అని మొదటి నియమం అదే పెట్టుకున్నాం.

మిగతావి వాదులాడుకుంటూ ఒక్కొక్కటే కుదిరాయి. నోటితో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసి పంపినా రచనే. కూతురో కోడలో రాసిపెడితే చెప్పినవాళ్ళదే రచన, రాసినవాళ్ళకు వేరే చిన్న బహుమతి. మారుపేరు చాలు, ఊరి పేరు కూడా అక్కర్లేదు. మన యాస దిద్దకూడదు. గల్ఫే కానక్కర్లేదు, బెంగుళూరుకు కూలికి పోయినా, గండికోట జలాశయం నీళ్ళొచ్చి తాళ్ళప్రొద్దుటూరు వదిలి పదిమైళ్ళ అవతల ఇల్లు కట్టుకున్నా వలసే. ఆ చివరిదాని మీద పెద్ద రగడే అయింది. జిల్లా దాటకుండా వలసేమిటని ఇద్దరు గట్టిగా పట్టుబట్టారు. పుట్టిన ఊరు నీళ్ళ కింద ఉన్నప్పుడు దూరం మైళ్ళలో కొలవడం కుదరదని నా వాదన. ఓటు పెడితే నలుగురం ఇటు వచ్చాం.

ముప్పై వేలు మొదటి, రెండో బహుమతులని విడగొట్టకుండా పది సమాన భాగాలు చేద్దామని మా ఆయన సలహా. ఊరికే సలహాలిచ్చే మనిషి కాదు కాబట్టి ఒప్పుకున్నాం. రాసినవాళ్ళకు పోగా మిగిలేది పెన్‌డ్రైవ్‌లకూ జిరాక్సులకూ. గెలిచినవీ గెలవనివీ అన్నీ రెండేసి ప్రతులు తీయిస్తాం. ఒకటి మా దగ్గర ఉంటుంది. రెండోది, రాసినవాళ్ళు ఒప్పుకుంటే, కడప బ్రౌన్ లైబ్రరీకి ఇవ్వాలని ఉంది. ఆ దొర ఇదే కడపలో పండితులకు జీతాలిచ్చి, చెదలు పట్టిపోతున్న తాళపత్రాలు తిరగరాయించాడు కదా. ఆడవాళ్ళ గొంతులున్న పెన్‌డ్రైవ్‌లు కూడా తీసుకుంటారేమో, వచ్చేవారం పోయి అడగాలి.