వోటునకు ముందు అక్షరము

మన మారిషసు ద్వీపమున స్త్రీలకు వోటు వచ్చిన చరిత్రను చెప్పునపుడు పలువురు 1959 నాటి ఎన్నికలనుండి మొదలిడుదురు. వయోజనులందరును వోటు వేసిన మొదటి ఎన్నికలవి. కాని ఆడపిల్ల చదువునకును హక్కునకును గల సంబంధము తేటపడవలెనన్నచో అంతకు పదునొకండేండ్లు వెనుకకు, 1948 ఆగష్టు మాసమునకు, పోవలెనని మా అభిప్రాయము.

అంతవరకు నడచినది 1885 నాటి రాజ్యాంగము. ఆస్తియో తగిన ఆదాయమో గల పురుషులకే అది వోటు నిచ్చెను. ద్వీపమంతటను వోటర్లు సుమారు 12 వేలమంది. చెరకు తోటలలో బ్రతికిన మన పెద్దలలో ఆ జాబితా కెక్కినవారు మిక్కిలి తక్కువ. 1947 లో వచ్చిన క్రొత్త రాజ్యాంగము వేరొక త్రోవ తెరచెను. ఇరువదియొక యేండ్లు నిండినవారు, స్త్రీలుగాని పురుషులుగాని, ద్వీపమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను చిన్న చిన్న వాక్యములు చదివి వ్రాయగలిగినచో వోటరులు కావచ్చును. ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్థానీ, తమిళము మున్నగువానితోపాటు మన తెలుగును ఆ భాషలలో నుండెను. వోటర్ల సంఖ్య ఒక్కసారిగా 70 వేలు దాటెను.

పాఠకులు ఇచట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. మందిరపు అరుగుమీద దీపము వెలుతురున ఓనమాలు దిద్దుకొనిన తోట కూలివాడు, ఆ నాలుగు వాక్యముల బలముచేత, దొరతో సమానముగ వోటు వేసెను. అతని తోబుట్టువును వేయవచ్చును. చట్టము అడ్డు చెప్పలేదు. కాని ఆమెకు అక్షరములు నేర్పినవారెవరు? తమ్ముడు పలక పట్టుకొని పోవునపుడు ఆమె చంటిబిడ్డ నెత్తుకొని యుండెను, ఆవునకు గడ్డి కోయుచుండెను, కుళాయి కడ నీటికై నిలిచియుండెను. చట్టమున లేని భేదము మన యిండ్లలో నుండెను. ఈ మాట వ్రాయుటకు మాకు సంకోచముగనే యున్నది గాని దాచుట తగదు.

1901 లో గాంధిగారు మన ద్వీపమున కొన్ని దినములు నిలిచి, పిల్లలను చదివింపుడని చెప్పి వెళ్ళిరి. మన పెద్దలు ఆ మాటను శిరసావహించిరి. అయితే పిల్లలనగా కొడుకులని అర్థము చెప్పుకొనిరి కాబోలు! 1948 ఎన్నికలకు ముందు శ్రీ వాసుదేవ విష్ణుదయాళుగారును వారి అనుచరులును ఊరూర జనులకు అక్షరములు నేర్పి వోటునకు సిద్ధపరచిరి. ఏండ్లతరబడి జరుగని పనిని కొన్ని మాసములలో ఎంతవరకు పూర్తిచేయగలరు? ఆ యెన్నికలలో శ్రీమతి ఎమిలియెన్ రోష్‌కూస్త్ గెలిచిరి. శ్రీమతి డెనీజ్ ద షజాల్‌ను గవర్నరు నియమించెను. శాసనసభలో మొదట కూర్చున్న స్త్రీలు వీరిద్దరే. భారతసంతతికి చెందిన శ్రీమతి రాధా పున్నుస్వామి మంత్రిణి యగుటకు 1975 వరకు వేచియుండవలసి వచ్చెను. మంత్రిపదవి నందిన మొదటి స్త్రీయు ఆమెయే.

వోటునకు అక్షరపరీక్ష తొలగిన పిదపను బడి సమస్య తొలగలేదు. ప్రాథమిక పాఠశాలలో రుసుము లేకున్నను, ఆపై కాలేజీలో నెలనెలకును చెల్లింపవలసి యుండెను. ఇంట ఒక్కరి రుసుమునకే డబ్బున్నచో అది ఎవరికి పోవునో చెప్పనక్కరలేదు. కూతురు ఆరవ తరగతితో ఆగిపోయి, సూదిదారము చేతబట్టి, సంబంధమునకై యెదురు చూచెను. చెడు మనసుతో నెవరును ఇట్లు చేయలేదు. చదివిన కొడుకు ఇంటిని నిలుపును, కూతురు పరుల యింటికి పోవునని వారి లెక్క. ఆ లెక్క తప్పని తెలియుటకు ఒక తరము పట్టెను.

1975 మే 20 వ తేదీన విద్యార్థులు వీథులకెక్కిరి. 1977 మొదలు ప్రభుత్వము మాధ్యమిక విద్యకు రుసుము తీసివేసెను. తరువాత జరిగినది మనమందరమును కన్నులార చూచినదే: కొలదికాలములోనే ఆడపిల్లలు సంఖ్యలో మగపిల్లల నందుకొనిరి, నేడు పరీక్షాఫలితములలో వారిని మించుచున్నారు. ఆడపిల్లకు తెలివి చాలదని చెప్పినవారు ఇప్పు డేమందురో!

ఆరోగ్యవిషయమునను ఇదే కథ. 1960 ప్రాంతమున మన ద్వీపమున ఒక్కొక్క తల్లికి సగటున ఆరుగురు బిడ్డలు. ఇంత జనమునకు తిండి యెట్లని 1961 లో ఆచార్య మీడ్, ఆచార్య టిట్మస్ తమ నివేదికలలో భయపడిరి. పదునైదేండ్లు తిరుగకమునుపే ఆ సంఖ్య సగమయ్యెను. 1957 లో వెలసిన కుటుంబనియంత్రణ సంఘము, వైద్యశాలలు ఇందుకు తోడ్పడినవి. ఆడపిల్లల పెండ్లిండ్లు ఆలస్యమగుటయు ఒక ముఖ్యకారణమే. బడిలోనున్న పిల్లకు పెండ్లిచూపులు వాయిదాపడును; ఈ సంగతి మన యిండ్లలో అందరు నెరిగినదే.

చట్టము మాత్రము మెల్లగ నడచెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు తల్లిదండ్రుల సమ్మతితో పెండ్లిచేయు వెసులుబాటు చాలకాలము మిగిలియుండెను. 2020 లో చేసిన బాలల చట్టము దానిని తీసివేసెను. అది 2022 జనవరిలో అమలునకు వచ్చెను.

1948 నాటి జాబితాలో పేరున్న తెలుగు స్త్రీ ఎవరైనను నేడు జీవించియున్నచో నూరేండ్లకు చేరువలో నుండును. మీ యింట అట్టి అవ్వ యున్నచో, ఆనాడు ఆమె అధికారి యెదుట ఏ వాక్యము వ్రాసెనో, ఆ వ్రాత ఆమెకు నేర్పినవారెవరో అడిగి తెలిసికొనుడు. వోటు వేయని అవ్వ యైనచో ఆ దినమున తా నెచట నేమి పని చేయుచుండెనో అదియు అడుగుడు.