గచ్చునకు బలము అడుగుపొరలే

పెరటిలో రాళ్లు పరపించు గృహస్థుని దృష్టి పైరాతి నునుపుమీదనే నిలుచుట సహజమే యైనను, ఆ రాతి మన్నిక దాని క్రింద నణగియున్న పొరలపై నాధారపడియుండునను సత్యమును క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దియందే రోమక వాస్తుకారుడు విట్రూవియస్ తన గ్రంథము ఏడవ భాగమున సవిస్తరముగా వివరించెను.

ఆయన చెప్పిన క్రమమున, ముందుగా నేల గట్టిదనము పరీక్షించి, పూడ్చిన మట్టియైనచో మిక్కిలి శ్రద్ధతో దట్టించి, పిడికిలికి తక్కువగాని రాళ్లను పరవవలెను. వానిపై మూడుపాళ్ల కంకరకు ఒకపాలు సున్నము కలిపి పోసి, పనివారు గుంపుగా కూడి కొయ్య దిమ్మిసలతో మాటిమాటికి మోదగా, ఆ పొర ముప్పాతిక అడుగునకు తగ్గని మందమున గట్టిపడవలెను. అటుపై మూడుపాళ్ల పెంకుపొడికి ఒకపాలు సున్నము చేర్చిన గచ్చును ఆరు వ్రేళ్ల మందమున మెత్తి, తుదకు మాత్రమే మట్టము చూచి పలకలు కూర్చవలెను.

ఆరుబయటి గచ్చునకు పదియడుగులకు రెండు వ్రేళ్ల వాలు నిచ్చి, మంచు లోనికి చొరకుండ ఏటేట శీతకాలమునకు ముందు నూనెమడ్డితో తడుపుమనియు ఆయన విధించెను.

మన బేతంచెర్ల నాపరాళ్లకును, తాండూరు బండలకును ఈ ధర్మమే వర్తించును: అడుగున నేల క్రుంగినచో ఎంతటి మేలిరాయియైనను కదలక మానదు, వాలు లేనిచో వాననీరు నిలువక మానదు. కావున పైమెరుగునకు వెచ్చించు ద్రవ్యమునకంటె పునాదికి వెచ్చించు శ్రమయే గృహస్థునకు నిజమైన లాభము.